కమ్మిని తినే ఉప్పు

సముద్రానికీ మాకూ మధ్య ఇసక దిబ్బలు. మాకూ రోడ్డుకూ మధ్య కాలవ. నెల్లూరు తీరంలో చాలా ఊళ్ళకి ఇదే వరస. తూర్పుకి తిరిగితే అలల చప్పుడు, పడమటికి తిరిగితే అడ్డంగా బకింగ్‌హాం కాలవ. బడి, ఆసుపత్రి, సంత, మండలాఫీసు, బస్సు అన్నీ కాలవకి అవతలే. తీరం మీది పట్టపుపాలేలకైనా, వాటి అంచున ఉండే మా యానాది సంఘాలకైనా, బయటి లోకం ఒక వంతెన దూరంలో ఉంటుంది.

ఈ కాలవ మనుషులు తవ్విందే. 1806లో మద్రాసు దగ్గర మొదలై ముక్కలు ముక్కలుగా పెరిగింది. 1877-78 కరువులో కరువు పనుల కింద కూలీలతో కొంత భాగం తవ్వించారు. 1878లో అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరు దానికి పెట్టారు. తవ్విన కూలీల పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు, అది వేరే సంగతి. పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా దాదాపు 420 కిలోమీటర్లు. ఒకప్పుడు ఉప్పు, కట్టెలు, ధాన్యం పడవల్లో దీని మీదే మద్రాసుకి పోయేవి. రైలూ లారీ వచ్చాక పడవలు పోయాయి, కాలవ మిగిలింది. కండలేరు, ఉప్పుటేర్లు, పులికాట్ సరస్సు దీంతో కలుస్తాయి. పోటు వచ్చినప్పుడు సముద్రం నీళ్ళే కాలవలోకి ఎక్కుతాయి. మేం దీన్ని ఉప్పుకాలవ అనే అంటాం.

మా తాతల కాలంలో కాలవ దాటడమంటే బట్టలు నెత్తిన పెట్టుకుని నీళ్ళలో దిగడం, లేకపోతే పడవవాడి కోసం గట్టు మీద కూర్చోవడం. తర్వాత తాటి దుంగలు వేశారు. ఆ తర్వాత కాంక్రీటు వంతెన వచ్చింది. వంతెన వచ్చిన ఏడు మా సంఘం నుంచి మొదటిసారి ముగ్గురు ఆడపిల్లలు హైస్కూలుకి పోయారు. వంతెనకీ చదువుకీ ఏం సంబంధమని అడిగే టీచర్లకి మేం చెప్పేది ఇదే.

మేం రాస్తున్నది ఆ వంతెన గురించి. అది కూలిపోలేదు. కూలి ఉంటే పేపర్లో పడేది, ఎవరో ఒకరు వచ్చి చూసేవాళ్ళు. అది లోపల్నుంచి పాడవుతోంది. అడుగు భాగాన పెచ్చులు ఊడుతున్నాయి. స్తంభాల మీద గోధుమరంగు చారలు కారుతున్నాయి. ఒకచోట కాంక్రీటు మొత్తం రాలిపోయి కమ్మి బయటపడింది. చేత్తో పట్టుకుంటే పొరలు పొరలుగా ఊడొస్తుంది, పాత అట్టముక్కలాగా.

ఉప్పు ఇనుముని ఏం చేస్తుందో మాకు పుస్తకం చెప్పక్కర్లేదు. మా మగవాళ్ళూ ఆడవాళ్ళూ ఎండ్రకాయల కోసం మడల్లోకి పోతారు. బొరియలోంచి కాయని లాగడానికి కొస వంచిన ఇనప కమ్మి ఒకటి ఉంటుంది. ఇంటికొచ్చాక ఆ కమ్మిని మంచినీళ్ళతో కడిగి, తుడిచి, కాస్త నూనె రాసి చూరులో పెట్టాలి. కడగకుండా పెట్టిన కమ్మి రెండు వానలకి సన్నబడి విరుగుతుంది. వంతెన కట్టేటప్పుడు మా అవ్వ ఒకామె కమ్మీల మోపులు ఇసకలో పడేసి ఉండటం చూసి, "దీనికి నూనె ఎవరు రాస్తారయ్యా?" అని అడిగిందంట. మేస్త్రీ నవ్వి, "సిమెంటు కప్పేస్తాం గదవ్వా, గాలి తగలదులే" అన్నాడంట. మేస్త్రీ చెప్పింది సగం నిజం. మిగతా సగమే మా కష్టం.

ఆ సగం నిజం ఏంటో చూద్దాం. సిమెంటు గట్టిపడినప్పుడు లోపల సున్నం తయారవుతుంది. గుల్ల సున్నం కాల్చే ఊళ్ళలో పుట్టిన వాళ్ళకి సున్నం ఘాటు తెలుసు, చెయ్యి పగులుతుంది. సైన్సు మాటల్లో చెప్పాలంటే అది క్షారం. మంచి కాంక్రీటు పీహెచ్ విలువ 12 పైనే ఉంటుంది. అంత క్షారంలో ఇనుము మీద కంటికి కనపడని సన్నటి పొర ఒకటి ఏర్పడుతుంది. ఆ పొర ఉన్నన్నాళ్ళూ తుప్పు పట్టదు. అంటే కమ్మికి రాయాల్సిన నూనె కాంక్రీటే రాస్తుంది.

ఆ పొర రెండు రకాలుగా పోతుంది. ఒకటి గాలి వల్ల. గాలిలోని బొగ్గుపులుసు వాయువు మెల్లగా లోపలికి దిగి సున్నం ఘాటు చంపేస్తుంది. ఇది ఊళ్ళన్నిట్లోనూ జరిగేదే, చాలా నిదానం. రెండోది ఉప్పు వల్ల. ఉప్పులోని క్లోరైడు కాంక్రీటు సందుల్లోంచి తడితో పాటు లోపలికి పోతుంది. తగినంత క్లోరైడు కమ్మిని చేరితే, సున్నం ఘాటుగా ఉన్నా సరే, ఆ పొర చిల్లులు పడుతుంది. అక్కణ్ణించి తుప్పు మొదలు. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, రెండు రెట్ల నుంచి ఆరు రెట్ల దాకా. లోపల ఉబ్బిన తుప్పు కాంక్రీటుని బయటికి తోస్తుంది. చీలిక వస్తుంది. చీలికలోంచి ఇంకా ఉప్పు, ఇంకా గాలి. పెచ్చు ఊడుతుంది. మనం పెచ్చు చూసి, "ఇప్పుడే పాడవుతోంది" అనుకుంటాం. అది మొదలై అప్పటికి ఏళ్ళయి ఉంటుంది.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. ఎప్పుడూ నీళ్ళలో మునిగి ఉండే స్తంభం అడుగు భాగం అంత తొందరగా పాడవదు, ఎందుకంటే తుప్పుకి గాలి కూడా కావాలి. పోటుకి తడిసి పాటుకి ఆరే భాగం, అలల తుంపర పడే భాగం, అక్కడే ఎక్కువ తింటుంది. తడిసినప్పుడు ఉప్పు లోపలికి, ఆరినప్పుడు నీళ్ళు పోయి ఉప్పు అక్కడే. ఇసకపల్లి వైపు ఉప్పు మడుల్లో ఉప్పు ఎట్టా పండిస్తారో, మా వంతెన స్తంభం లోపల అట్టా పండుతుంది.

మరి ఇంజనీర్లకి ఇది తెలియదా? బాగా తెలుసు. భారతీయ ప్రమాణాల సంస్థ కాంక్రీటు మీద పెట్టిన ఐఎస్ 456 అనే నియమావళి 2000 నాటి ముద్రణలో చోటుని బట్టి ఐదు తరగతులు చెప్పారు. తీరపు గాలి తగిలే కాంక్రీటు ఒక తరగతి, సముద్రపు తుంపర పడేది దానిపై తరగతి, పోటుపాట్ల మధ్య ఉండేది అన్నిటికంటే కఠినమైన తరగతి. ఉప్పు ఊసు లేని లోపలి చోట కమ్మి మీద 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు చాలు. తీరపు గాలికి 45, తుంపరకి 50, పోటుపాట్ల చోట 75 మిల్లీమీటర్లు ఉండాలి. కాంక్రీటు బలం కూడా అట్టాగే పెరగాలి, ఎం30, ఎం35, ఎం40. కలిపే నీళ్ళలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. సముద్రపు నీళ్ళలో అది లీటరుకి దాదాపు 19,000 మిల్లీగ్రాములు. కమ్మీ ఉన్న కాంక్రీటుని సముద్రపు నీళ్ళతో కలపడం గానీ తడపడం గానీ వద్దని అదే పుస్తకంలో ఉంది.

పుస్తకంలో అంతా ఉంది. పని దగ్గర ఉన్నది వేరు. వంతెన పనిలో మా వాళ్ళు కంకర మోశారు, తట్టలెత్తారు. వాళ్ళు చెప్పేది ఇదీ: మంచినీళ్ళ ట్యాంకరు రెండు రోజులు వచ్చేది, మూడో రోజు రాదు. రాని రోజు కాలవలో మోటారు వేసి తోడి కాంక్రీటు మీద పట్టించేవాళ్ళు. కమ్మి కింద ఎడం ఉంచడానికి పెట్టాల్సిన కవరు బిళ్ళలు మొదట్లో పెట్టారు, తర్వాత చేతికి దొరికిన కంకర రాళ్ళే బిళ్ళలు. మనిషి కమ్మీల మీద తొక్కుకుంటూ పోతే అవి కిందికి వంగి సెంట్రింగు పలకని ఆనుకునేవి. ఆ రోజు అది ఎవరికీ పెద్ద విషయంగా కనపడలేదు. పలకలు ఊడదీశాక వంతెన అడుగున కమ్మీల వరస నీడలాగా అగపడింది, దాని మీద సిమెంటు పూసేశారు.

ఒక అంగుళం తేడాకి ఏమవుతుందిలే అనిపిస్తుంది. లెక్క చూడండి. ఉప్పు కాంక్రీటులోకి దిగే వేగం లోపలికి పోయేకొద్దీ తగ్గుతుంది. పట్టే కాలం లోతుకి వర్గంగా పెరుగుతుంది. లెక్కల టీచర్లు దీన్ని పిల్లలకి చెప్పొచ్చు. 50 మిల్లీమీటర్ల కప్పు దాటడానికి ఉప్పుకి 40 ఏళ్ళు పట్టే కాంక్రీటు అనుకుందాం. అదే కాంక్రీటులో కప్పు 25 మిల్లీమీటర్లే ఉంటే 20 ఏళ్ళు పట్టదు, 10 ఏళ్ళే. సగం కప్పు అంటే పావు ఆయుష్షు. ఇది మోటు లెక్కే. అసలు వంతెనలో చీలికలు, సందులు, నీళ్ళ తేడాలు అన్నీ కలుస్తాయి. అయినా ఒక కంకర రాయికీ ఒక కవరు బిళ్ళకీ తేడా ఎంతో ఈ లెక్క చెబుతుంది. బిళ్ళ ఖరీదు కొన్ని రూపాయలు.

పూచీ సంగతి కూడా చూడాలి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లకి కాంట్రాక్టరు ఐదేళ్ళు నిర్వహణ చూడాలనే నియమం ఉంది. మంచిదే. మట్టి కుంగితే, తారు లేస్తే ఐదేళ్ళలో తెలుస్తుంది. ఉప్పు మాత్రం ఐదేళ్ళలో ఏమీ చూపించదు. అది కమ్మి దగ్గరికి నడుస్తూ ఉంటుంది. పూచీ తీరిపోయాక ఎప్పుడో మొదటి చార కారుతుంది. అప్పటికి కాంట్రాక్టరు లేడు, సంతకం పెట్టిన ఇంజనీరు బదిలీ అయిపోయాడు, శిలాఫలకం మీద పేరున్న నాయకుడు మాజీ అయ్యాడు. వంతెన దగ్గర మిగిలింది మేమే.

1984లో డి సిట్టర్ అనే ఇంజనీరు ఈ ఖర్చుని ఒక మోటు సూత్రంలో చెప్పాడు. దాన్ని ఐదుల సూత్రం అంటారు. కట్టేటప్పుడు సరిగ్గా చేయడానికి ఒక రూపాయి అవుతుందనుకుంటే, అప్పుడు వదిలేసి తుప్పు మొదలుకాక ముందు కాపాడుకోవడానికి ఐదు రూపాయలు అవుతుంది. తుప్పు మొదలయ్యాక బాగు చేయడానికి 25. అప్పుడూ వదిలేస్తే, మొత్తం తీసి కట్టడానికి 125. లెక్క అచ్చంగా ఇదే కానక్కర్లేదు, వరస మాత్రం ఇదే. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే మన పెద్దోళ్ళు చెప్పిందీ అదే.

ఇది మా పేదతనం వల్ల, మా మారుమూల తనం వల్ల జరిగేదని మాత్రం అనుకోవద్దు. గోవాలో పణజి దగ్గర మాండవి నది మీద 1970 ప్రాంతంలో కట్టిన పెద్ద వంతెన 1986 జులై 5న కూలింది. పదహారేళ్ళు కూడా గట్టిగా నిలవలేదు. లోపలి ఉక్కు తీగల్ని తుప్పు తినేసింది. కొత్త వంతెన వచ్చేదాకా ఏళ్ళ తరబడి జనం పడవల్లోనే దాటారు. రాజధాని జనం కూడా మా తాతల్లాగే గట్టు మీద పడవ కోసం నిలబడ్డారన్నమాట. ఇటలీలో జెనోవా నగరంలో రికార్డో మొరాండీ అనే పేరుపొందిన ఇంజనీరు కట్టిన వంతెన 1967లో తెరిచారు. ఉక్కు తాళ్ళ మీద కాంక్రీటు తొడుగు వేసి కాపాడాననుకున్నాడు. సముద్రపు గాలి, ఫ్యాక్టరీల పొగ కలిసి పాడుచేస్తున్నాయని, చూసుకుంటూ బాగు చేసుకుంటూ ఉండాలని 1979లో ఆయనే రాశాడు. 2018 ఆగస్టు 14న వానలో అది విరిగి పడింది. 43 మంది పోయారు. కట్టినవాడి హెచ్చరికే ఉన్నా అంత పని జరిగింది.

మాకు దగ్గరి ఉదాహరణ పాంబన్. రామేశ్వరం పోయే పాత రైలు వంతెన 1914లో తెరిచారు. సముద్రం మధ్యలో, ఉప్పుగాలిలో ఉన్న ఇనప వంతెన. దాని మీద 2022 డిసెంబరు దాకా రైళ్ళు నడిచాయి. నూరేళ్ళు దాటింది. ఇనుము ఎట్టా బతికింది? రంగు పూసీ పూసీ, తుప్పు గీకీ గీకీ, పాడైన ముక్క మార్చీ మార్చీ. ఎప్పుడూ ఎవరో ఒకరు దాన్ని చూస్తూనే ఉన్నారు. ఇనప వంతెన తన తుప్పు దాచుకోదు, అందరికీ చూపిస్తుంది. కాంక్రీటు దాచుకుంటుంది. కాంక్రీటుకి ఖర్చు ఉండదు, ఒకసారి కడితే చాలు అనే నమ్మకం మన దేశంలో అందుకే పెరిగిందని మా అనుమానం. మట్టి గోడకి ఏటా అలుకు పూయాలని తెలుసు, పూరి కప్పుకి రెండేళ్ళకోసారి తాటాకు మార్చాలని తెలుసు, కాంక్రీటుకి మాత్రం ఏమీ అక్కర్లేదు అనుకుంటాం. 2025 ఏప్రిల్ 6న ప్రారంభించిన పాంబన్ కొత్త రైలు వంతెనలో తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు కమ్మి వాడారు. ఆ కమ్మి మామూలు కమ్మి కంటే ఎన్నో రెట్లు ఖరీదు. అయినా మెక్సికోలో ప్రోగ్రెసో అనే రేవు దగ్గర 1937-41 మధ్య అట్టాంటి కమ్మితోనే కట్టిన పొడవాటి వారధి ఇప్పటికీ నిలబడి ఉంది. దాని పక్కనే 1960ల్లో మామూలు కమ్మితో కట్టింది మొండి స్తంభాలుగా మిగిలింది. చవకది పోయింది, ఖరీదైంది ఉంది.

మా కాలవ మీద చిన్న వంతెనకి స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టమని మేం అడగడం లేదు. చవకలో చేయగలిగేవి ఉన్నాయి. నీళ్ళు తక్కువ పోసి చిక్కగా కలపడం, సరైన కప్పు, మంచినీళ్ళు, ఎక్కువ రోజులు తడపడం. ఇంకొకటి బూడిద. ముత్తుకూరు మండలం నేలటూరు దగ్గర దామోదరం సంజీవయ్య పేరుతో థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. బొగ్గు కాల్చితే వచ్చే సన్నటి బూడిదని తగు పాళ్ళలో సిమెంటుతో కలిపి బాగా తడిపితే, కాంక్రీటు సందులు పూడి ఉప్పు దిగడం బాగా తగ్గుతుంది. ఇనప కొలిమి చిట్టెం పొడి చేసి కలిపిన సిమెంటు కూడా అంతే. మా కళ్ళల్లో పడే బూడిద మా వంతెనని కాపాడగలదని తెలిసినప్పుడు మాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయితే ఒక మెలిక ఉంది. బూడిద కలిపిన కాంక్రీటు నిదానంగా గట్టిపడుతుంది, దాన్ని మామూలు కంటే ఎక్కువ రోజులు తడపాలి. ట్యాంకరు మూడో రోజు రాకపోతే దాని ఫలితం దక్కదు.

ఇప్పుడు మా ఖర్చు చెప్తాం. పోయినేడు వంతెన రెండు వైపులా బోర్డు పెట్టారు, భారీ వాహనాలు పోరాదని. పెట్టడం తప్పు కాదు, ప్రాణాలు ముఖ్యం. బోర్డు పెట్టిన మర్నాటి నుంచి రొయ్యల లారీ అవతలి గట్టునే ఆగింది. గుంటల దగ్గర పనిచేసే మా వాళ్ళు ట్రేలు మోసుకుని వంతెన దాటాలి, ఆ మోతకి వేరే కూలి లేదు. ఇల్లు కట్టుకునే వాళ్ళకి ఇటుక, ఇసక, కంకర ట్రాక్టరు చుట్టుదారిన 14 కిలోమీటర్లు తిరిగి రావాలి, బాడుగ రెట్టింపు. అంబులెన్సు డ్రైవరు బోర్డు చూస్తాడు, కింద ఊడిన పెచ్చులు చూస్తాడు, ఆగిపోతాడు. అతన్ని అనలేం, అతనికీ పిల్లలున్నారు. నెలలు నిండిన ఆడవాళ్ళని పది రోజులు ముందే అవతలి గట్టున చుట్టాల ఇంట్లో ఉంచుతున్నాం. చుట్టాలు లేనివాళ్ళని మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి దాటిస్తున్నాం.

ఈ ఖర్చు ఏ అంచనా కాగితంలోనూ లేదు. వంతెనల మొత్తం జీవిత ఖర్చు లెక్క కట్టే పద్ధతిలో జనానికయ్యే ఖర్చు అని ఒక పద్దు ఉంటుంది. దాన్ని ఎట్టా కడతారంటే, రోజుకి ఎన్ని బండ్లు పోతాయి, చుట్టు తిరిగితే ఎంత దూరం, ఎంత డీజిలు, ఎంత టైము అని. బండ్లు ఎక్కువైతే ఖర్చు ఎక్కువ, బాగు చేయడానికి ముందు వరస. మా వంతెన మీద పోయేవి సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు, నడిచే మనుషులు. తట్ట నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి ఆ లెక్కలో బండి కాదు. కాబట్టి ఎప్పుడు లెక్క కట్టినా మా వంతెన ఆఖరి వరసలోనే తేలుతుంది. కావాలని ఎవరూ చేయకపోవచ్చు. లెక్క అట్టా ఉంది. ఒక్క దారే ఉన్న ఊరికి ఆ దారి విలువ బండ్ల సంఖ్యతో తేలదని ఆ లెక్క రాసేవాళ్ళకి చెప్పాల్సింది మనమే. శ్రీహరికోటకి పులికాట్ మీదుగా పోయే దారిని ఎవరూ మర్చిపోరు, దాని మీద రాకెట్టు సామాన్లు పోతాయి. ఆ దీవిలో ఒకప్పుడు మా యానాదులే ఉండేవాళ్ళు.

వరదతో పోల్చుకుంటే తుప్పు సంగతి ఇంకా అర్థమవుతుంది. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి కోసుకుపోయింది, రైలు దారి దెబ్బతింది. దేశమంతా చూసింది. రాత్రింబగళ్ళు పనిచేసి దారి నిలబెట్టారు. చేయాల్సిందే. వరద ఒక రాత్రిలో చేసే పని తుప్పు ఇరవై ఏళ్ళలో చేస్తుంది, కెమెరా దానికోసం ఇరవై ఏళ్ళు నిలబడదు. ఇంకో మాట, వరద వచ్చేటప్పటికి తుప్పు పట్టి సగం చిక్కిన కమ్మి ఉన్న వంతెన ఎట్టా తట్టుకుంటుందో ఎవరైనా ఊహించుకోవచ్చు. తుపాను రాత్రి మేం దాటాల్సింది ఆ వంతెన మీదే.

బాగు చేయలేదా అంటే, చేశారు. రెండుసార్లు. ఊడిన చోట సిమెంటు ముద్ద పెట్టి మెత్తి, సున్నం కొట్టారు. మొదటిసారి ఒక పెద్దాయన పర్యటనకి ముందు. అతుకు పెట్టిన చోట రెండేళ్ళు బాగానే ఉంది, దాని పక్కన కొత్తగా పగిలింది. మా సంఘంలో దాన్ని చూసి, "తుప్పు నడుస్తా ఉంది" అన్నారు. నిజంగానే నడుస్తుంది. ఉప్పు నిండిన పాత కాంక్రీటుని అట్టాగే ఉంచి పక్కన కొత్త ముద్ద పెడితే, ఒకే కమ్మి మీద ఒకవైపు కొత్త, ఒకవైపు పాత అయి బ్యాటరీ లాంటి తేడా పుడుతుంది. అతుకు అంచున తుప్పు జోరవుతుంది. కాబట్టి ఉప్పు తాకిన కాంక్రీటుని కమ్మి వెనక దాకా చెక్కి తీసేయాలి, కమ్మిని తెల్లగా గీకాలి, చిక్కిన కమ్మికి జత కమ్మి కట్టాలి, అప్పుడు ముద్ద పెట్టాలి. ఇది ఖర్చుతో కూడిన పని. పైపూత చవక. చవక పని రెండుసార్లు చేస్తే ఖరీదైన పని ఖర్చుకి దగ్గరికి వస్తుంది, తుప్పు మాత్రం అట్టాగే ఉంటుంది.

మా సంఘాల్లో ప్రభుత్వం కట్టించిన ఇళ్ళలో కూడా ఇదే జబ్బు. పడుకున్న పిల్లల మీద శ్లాబు పెచ్చు పడకుండా కింద చాపలు కట్టుకున్న ఇళ్ళు ఉన్నాయి. దాని గురించి వేరే రాయాలి.

చదువుకుంటున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఏం చేయొచ్చు అని అడిగారు. ఇంజనీరు కానక్కర్లేదు. చిన్న సుత్తితో కాంక్రీటు మీద తట్టండి. గట్టి చోట గట్టి శబ్దం వస్తుంది, లోపల పొర లేచిన చోట కుండ మీద తట్టినట్టు బోలుగా మోగుతుంది. సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ఏడాదికోసారి తట్టి, గుర్తు ఎంత పెరిగిందో నోటుబుక్కులో తేదీతో రాయండి, ఫోనులో ఫొటో తీయండి, పక్కన స్కేలు పెట్టి. తుప్పు చార ఎక్కడ మొదలైంది, చీలిక కమ్మి పొడవునా పోతోందా అడ్డంగా పోతోందా చూడండి. కమ్మి పొడవునా పోయే చీలిక తుప్పు గుర్తు. పెద్ద పెచ్చులు వేలాడే చోట కిందికి మాత్రం పోవద్దు, పిల్లల్ని పోనివ్వొద్దు.

సైన్సు టీచర్లు ఇంకో అడుగు వేయొచ్చు. బడి ప్రయోగశాలలో ఫినాఫ్తలీన్ ఉంటుంది. అప్పుడే ఊడిన పెచ్చు లోపలి వైపు, అంటే తాజాగా విరిగిన ముఖం మీద రెండు చుక్కలు వేస్తే, సున్నం ఘాటు ఉన్న చోట గులాబీ రంగు వస్తుంది, ఘాటు పోయిన చోట రంగు రాదు. ఆ పొడిని స్వచ్ఛమైన నీళ్ళలో కలిపి వడగట్టి, కాస్త నైట్రిక్ ఆమ్లం వేసి, సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే తెల్లగా విరిగినట్టు అవుతుంది, అది క్లోరైడు గుర్తు. ఎంత ఉందో ఇది చెప్పదు, ఉందని చెబుతుంది. పిల్లలకి ఆమ్లాలు, క్షారాలు అనే పాఠం వంతెన కింద చెబితే మర్చిపోరు.

కాగితం పని కూడా ఉంది. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. అడగాల్సినవి: వంతెన ఏ సంవత్సరం పూర్తయింది, డ్రాయింగులో కమ్మి మీద కప్పు ఎంత రాశారు, కాంక్రీటు ఏ గ్రేడు, నీళ్ళ పరీక్ష రిపోర్టు ఉందా, చివరిసారి ఎవరు ఎప్పుడు తనిఖీ చేశారు, ఆ తనిఖీ కాగితం నకలు. కొత్తగా కట్టబోయే వంతెనకైతే ఇవి పని మొదలుకాక ముందే అడగాలి. గ్రామసభలో అడగొచ్చు. సెంట్రింగు పలకలు బిగించాక, కాంక్రీటు పోయకముందు ఉండే ఒక పూట అన్నిటికంటే విలువైంది. ఆ పూట టేపు పట్టుకుని కమ్మికీ పలకకీ మధ్య ఎంత ఎడం ఉందో చూస్తే చాలు. కాంక్రీటు పోశాక చూడటానికి మిషన్లు కావాలి, అంతకుముందు కళ్ళు చాలు. మన వాళ్ళు అక్కడ కూలి పనిలో ఉంటారు గదా, వాళ్ళకే టేపు ఇవ్వొచ్చు.

మా వంతెన పెచ్చుల్ని మేం ఈ ఏడు మా హైస్కూలు టీచరు సాయంతో పరీక్ష చేశాం. ఫినాఫ్తలీన్ వేస్తే కమ్మి పక్కదాకా గులాబీ రంగు వచ్చింది, అంటే సున్నం ఘాటు ఇంకా ఉంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత సిల్వర్ నైట్రేట్ వేశారు. గ్లాసంతా పాలలాగా తెల్లబడింది. ఘాటు ఉండగానే ఉప్పు కమ్మిని తింటోందన్నమాట. ఆ ఫొటోలు, సుద్దగుర్తుల కొలతలు, మా ఆడవాళ్ళు ఒక వారంలో ఎన్నిసార్లు తట్టలతో వంతెన దాటారో రాసిన లెక్క, అన్నీ కలిపి అర్జీ పెట్టాం. అంచనాలు తయారు చేస్తున్నామని జవాబొచ్చింది. కొత్త అంచనాలో కప్పు ఎన్ని మిల్లీమీటర్లు రాస్తున్నారో చెప్పమని రెండో అర్జీ రాశాం. దానికి జవాబు ఇంకా రాలేదు.